పుల్ల ఒళ్ళు చేసింది

జూన్ 9

మా పుల్లకి,

అన్నయ్య దీవెనలు. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలని మీ వదినని అడిగితే, క్షేమమా అని మొదలుపెట్టండి, లోకమంతా అలాగే రాస్తుంది అంది. నువ్వు క్షేమంగా ఉంటే ఇల్లు విడిచి అంత దూరం ఎందుకు వెళ్తావు, అదేం ప్రశ్న అని మానేశాను. ఫోను చేద్దామంటే నేను లేచి బట్టీ ముట్టించే వేళకి నువ్వు ముసుగు తన్ని ఉంటావు, నువ్వు ఆ బట్టల కార్ఖానా నుంచి వచ్చే వేళకి నేను గురక పెడుతుంటాను. కాబట్టి కాగితమే గతి. స్నానం చేసి, గోళ్ళు రుద్దుకుని మరీ కూర్చున్నాను. అయినా కాగితం మీద తెల్లగా ఏమైనా కనిపిస్తే కిటికీ బయట పెట్టి దులుపుకో.

డాక్టరు చెప్పినదంతా మీ వదినకి మళ్ళీ అప్పజెప్పాను. నీకున్నది సీలియాక్ అనే జబ్బనీ, గోధుమలో ఉండే గ్లూటెన్ నీ పేగుని లోపలే పాడుచేస్తోందనీ, ఎంత తిన్నా నీ ఒంటికి పట్టకపోవడం అందుకేననీ. అంతా విని, "తినకుండా ఉంటే సరిపోదా, ఇల్లెందుకు వదలడం" అంది. కింద బేకరీ, పైన ఇల్లు. మన తలగడల మీద కూడా మైదా ఉంటుంది, అది నోట్లో పడ్డా దీనికి చేటే అన్నాను. అప్పుడు గానీ ఆవిడకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే చెబుతుంటేనే నాకూ అర్థమైంది.

బస్సెక్కించేటప్పుడు నీ చెయ్యి పట్టుకున్నాను కదా. మణికట్టు నా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వదులుగా ఆడింది. నీ కంటే నీ సంచీయే బలంగా ఉంది. ఆ రోజు నుంచి పిండి పిసుకుతున్నంతసేపూ అదే కళ్ళ ముందు ఆడుతోంది.

అందుకని ఒక పని చేశాను. ఈ బస్సులోనే డబ్బా పంపుతున్నాను, తీసుకో. గోధుమ పిసరంతైనా లేదు. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, వెన్న, చక్కెర, అంతే. ట్రేలు నేనే తోమాను. మొదటి వాయి రాయిలా వచ్చింది, వీధి కుక్క వాసన చూసి తన దారిన పోయింది. తర్వాతది ముట్టుకుంటే పొడి. ఇది కుదిరింది. ఇక వారం వారం పంపుతాను. నువ్వు కాదనకు, నాకు తోచిన మందు ఇదొక్కటే.

తిను. తిన్నాక రాయి.

నీ అన్నయ్య


ఆగస్టు 14

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ డబ్బా అందింది, ఒంట్లో బాగుంది అని ముక్తసరిగా రాసి ఊరుకున్నాను. ఈ పూట సెలవు. తీరిగ్గా కూర్చున్నాను.

నాది మేడ మీద ఒంటి గది. కిటికీ తెరిస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకూ, దాని మీద ఎప్పుడూ గొడవపడే కాకులూ. ఒక మూల పొయ్యి, దాని పక్కన నా గిన్నెలు. ఈ గదిలోకి గోధుమ ఎప్పుడూ అడుగు పెట్టలేదని ఇంటావిడ చేత ఒట్టు వేయించుకున్నాను. కింది వాటాలో లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. ఆయన రేడియోనే నాకు గడియారం.

కార్ఖానాలో నన్ను కటింగ్ బల్ల దగ్గర వేశారు. యూనిఫాం గుడ్డ దొంతరలుగా పరిచి, సుద్దతో గీసి, కోయడం నా పని. మొదటి రోజు సుద్ద పొడి లేవగానే గబుక్కున ముక్కూ నోరూ మూసుకున్నాను. పక్క బల్ల ఆమె, సుద్దకే ఇంత సుకుమారమైతే ఎలాగమ్మా అని నవ్వింది. తెల్లటి పొడి ఏది గాల్లో లేచినా నాకు మనిల్లే అనిపిస్తుందని ఆమెకేం చెప్పను?

అసలు కబురు ఇది. నేను ఒళ్ళు చేశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న బట్టలన్నిటికీ కుట్లు విప్పి, లోపల మడిచి ఉన్న గుడ్డంతా వదిలేశాను. ఇక వదలడానికి గుడ్డ లేదు. కుర్చీలో కూర్చుంటే ఇదివరకు ఎముకలు గుచ్చుకునేవి, ఇప్పుడు మెత్తగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం లేదు. డాక్టరు నా రక్తం కాగితం చూసి తనే ఏదో సాధించినట్టు నవ్వాడు. ఫోటో పంపుతున్నాను. చూసి భయపడకు.

నీ డబ్బాలన్నీ వస్తున్నాయి. చాలా బాగున్నాయి, ఒక్కటీ మిగలడం లేదు.

కార్ఖానాకి వెళ్ళే దారిలో ఒక బ్రెడ్డు షాపు ఉంది. నేను వెళ్ళే వేళకి వాళ్ళ మొదటి వాయి బయటికొస్తుంది. వీధి అవతలి వైపు మారి నడుస్తాను. కానీ అక్కడ కాసేపు ఆగుతాను. వాసనకి ఏమీ కాదని డాక్టరు అన్నాడులే. కడుపుకి ఏమీ కాదు గానీ, మిగతా రోజంతా ఇంటికి రావాలనిపిస్తుంది.

వదినని అడిగానని చెప్పు.

నీ పుల్ల
(ఈ పేరు ఇంకెన్నాళ్ళు చెల్లుతుందో)


ఆగస్టు 30

చెల్లాయ్,

కవరు చింపి ఫోటో చూసి, ఎవరిదో మనకి పొరపాటున వచ్చిందనుకున్నాను. మీ వదిన లాక్కుని చూసి, ఆ చెవులు చూడండి, మీ ఇంటి చెవులే అంది. బుగ్గలు! మన వంశంలో నీకు బుగ్గలున్నాయని ఎవరికీ తెలియదు. మీ వదిన కళ్ళు తుడుచుకుంది. నేను కూడా ఏదో పని ఉన్నట్టు గోదాములోకి వెళ్ళాను.

ఫోటోని గల్లాపెట్టె పక్కన గోడకి అంటించాను. బన్ను కొనడానికొచ్చిన వాడికీ, అప్పు చెప్పడానికొచ్చిన వాడికీ, అందరికీ చూపిస్తున్నాను. "మా చెల్లెలు. పుల్లలా పంపాను. నా బిస్కెట్లు తిని ఎలా అయిందో చూడండి" అంటున్నాను. ఇన్నేళ్ళూ ఊరందరినీ మేపాను గానీ, ఇంట్లో మనిషి ఒంటికి నా చేతి తిండి పట్టలేదన్న బెంగ ఒకటి లోపల ఉండిపోయింది. అది తీరింది. ఈ వయసులో పిల్లాడిలా సంబరపడుతున్నానని మీ వదిన దెప్పుతోంది. దెప్పనీ.

ఇంకో సంగతి. మందుల షాపాయన కూతురికి కూడా నీ జబ్బేనట. స్కూలుకెళ్ళే పిల్ల, నీలాగే గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది. ఆయన నీ ఫోటో చూసి, మా పాపకీ చేసిపెట్టండి అన్నాడు. నిన్నటి నుంచి ఇస్తున్నాను. ఇలాంటి వాళ్ళు ఊళ్ళో ఇంకా ఉంటారు, బోర్డు రాయిద్దామనుకుంటున్నాను.

నీ గది కడిగించాను. ఒంట్లో బాగైంది కాబట్టి ఇక వచ్చి నాలుగు రోజులుండు. నిన్ను ఈ బుగ్గలతో ఎదురుగా చూడాలి.

అన్నయ్య


సెప్టెంబరు 8

అన్నయ్యా,

ఉత్తరం అందగానే వదినకి ఫోను చేసి, ఆ పాపకి బిస్కెట్లు పెట్టొద్దని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అది నీకు నేనే చెప్పాలి.

నీ మొదటి డబ్బా వచ్చిన రోజు మూత తీసి చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను. తినకూడదని తెలుసు. తెలిసే రెండు తిన్నాను. కడుపు ఉబ్బి, నోరంతా పూసి, మంచం పట్టాను. నువ్వు గోధుమ వెయ్యలేదు, నిజమే. కానీ జల్లెడ మైదాది, బట్టీ మైదాది, ఆ గదిలో గాలే మైదాది. ఎంత తోమినా మనిద్దరి కంటికీ కనపడనంత చాలు, నా పేగు పట్టేసుకుంటుంది. ఆ పాపదీ అంతే.

తర్వాతి డబ్బాలన్నీ కింది వాటా మాస్టారికి ఇచ్చాను. ఆయన చొక్కా బొత్తాలు పట్టడం లేదని నా దగ్గరికే తెచ్చి వదులు చేయించుకున్నారు. నీ బిస్కెట్లు తిని ఒళ్ళు చేసింది ఆయన, నేను కాదు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. ఎలా చెప్పను? అమ్మ పోయాక నన్ను పెంచింది నీ చేతి ముద్దే. ఆ చేతి తిండి మానేశాకే నా ఒంటికి పట్టిందని ఏ మొహం పెట్టుకుని రాయను? వారం వారం డబ్బా వస్తుంటే, నువ్వు నా గురించి ఆలోచించావన్న సంతోషం ఒక్కటీ ఉంచుకుని మిగతాది కిందికి పంపేశాను. నువ్వు ఊరంతా చెప్పుకుంటావనీ, ఇంకో పిల్ల దాకా పోతుందనీ అనుకోలేదు.

గది కడిగించానన్నావు. చదివి ఏడ్చాను. అద్దంలో ఈ బుగ్గలు చూసుకున్నప్పుడల్లా, వీటిని ఆ ఇంట్లో ఉండి సంపాదించుకోలేకపోయానే అనిపిస్తుంది. తిట్టాలనుంటే తిట్టు. కానీ రాయి.

నీ చెల్లి


అక్టోబరు 10

అన్నయ్యా,

నీ నుంచి ఉత్తరం లేదు, డబ్బా లేదు. డబ్బా నాకు పనికిరాదని రాసింది నేనే అనుకో. అయినా బస్సు వచ్చే వేళకి కాళ్ళు అటే పోతున్నాయి. ఫోను చేస్తే వదిన ప్రతిసారీ ఆయన పడుకున్నారంటుంది. ఇంత నిద్ర నీకు ఎప్పుడూ లేదు. నీకు మనసు విరిగిందని అర్థమైంది.

ఒక నవ్వొచ్చే కబురుంది, అది మొదట నీకే చెప్పాలని దాచాను. పోయిన వారం డాక్టరు నన్ను కాటా ఎక్కించి, మొహం చిట్లించి, ఇక కాస్త తగ్గాలమ్మా అన్నాడు. నన్ను! ఇన్నాళ్ళూ దేన్నీ పట్టించుకోని పేగు ఇప్పుడు పడినదంతా పట్టేస్తోందట. పైగా నేను గోధుమ లేదని రాసి ఉంటే చాలు, ప్యాకెట్ల మీద ప్యాకెట్లు తింటున్నాను. గోధుమ తీసేసిన చోట వాళ్ళు చక్కెరా కొవ్వూ దట్టిస్తారట. ఇప్పుడు అన్నం, కూరలు, పళ్ళు, సాయంత్రం నడక. పక్క బల్ల ఆమె నా నడుము చూసి, ఇల్లు దూరమైతే కొందరు చిక్కిపోతారు, నువ్వేమిటి ఇలా అయ్యావు అంది. బెంగ లేదనుకుంటోంది. బెంగ ఒంటి మీద కనపడాలని రూలేమైనా ఉందా?

నేనొక నిర్ణయానికొచ్చాను. వచ్చే నెల మొదట్లో వస్తాను. రెండు రోజులుంటాను. ఏమైనా అయితే తర్వాత మందులు వేసుకుంటాను. నీ మొహం చూడకుండా ఇలా ఉండటం కంటే నోరు పూయడమే నయం.

నీ చెల్లి


అక్టోబరు 17

రావద్దు. తర్వాత రాస్తాను.

అన్నయ్య


అక్టోబరు 25

అన్నయ్యా,

రావద్దన్న ముక్క అందింది. చాలాసార్లు చదివాను. ఎంత చదివినా అంతే ఉంది.

నీకు కోపం రావడం న్యాయమే. నీ చేతి తిండి వద్దన్నదానికి నీ గడప మాత్రం ఎందుకు అనుకున్నావేమో. కానీ నేను వద్దన్నది మైదాని. నిన్ను కాదు. ఈ రెండూ వేరని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మన ఇంట్లో అవి వేరు కావేమో.

పెట్టె సర్దుకున్నాను, మళ్ళీ విప్పేశాను. వదినకి నా మీద కోపం లేకపోతే ఒక్కసారి ఫోను చేసి ఇంట్లో ఎలా ఉందో చెప్పమను.

చెల్లి


నవంబరు 4

పిచ్చి చెల్లీ,

తొందరలో రెండు ముక్కలు గీకితే ఇంత పని జరుగుతుందనుకోలేదు. మీ వదిన నీ ఉత్తరం చదివి నన్ను వాయించేసింది. మొదటి నుంచీ చెప్తాను.

నీ సెప్టెంబరు ఉత్తరం చదవగానే మందుల షాపాయన ఇంటికి పరిగెత్తాను. ఆ పాప కడుపు పట్టుకుని పడుకుని ఉంది. నీ ఫోను రాకముందే ఇచ్చిన డబ్బా వాళ్ళింట్లో ఇంకా ఉంటే వెనక్కి తీసుకుని, తప్పు నాదేనని చెప్పి, తల దించుకుని వచ్చాను. పాప తేరుకుంది, మొన్న స్కూలుకెళ్తూ నా వంక గుర్రుగా చూసింది. బోర్డు ఆలోచన మానేశాను.

ఆ వారమంతా నీ మీద నిజంగానే కోపంగా ఉంది. నా చేతి తిండి మానేశాకే ఒంటికి పట్టిందని రాశావే, ఆ ఒక్క మాట తలలోంచి పోలేదు. పిండి ముద్ద చేతిలోకి తీసుకుంటే, ఇదేనా నా చెల్లిని తిన్నది అనిపించేది. కోపం దిగాక నీ ఫోటో మళ్ళీ చూశాను. నా వల్ల కాకపోయినా ఆ బుగ్గలు ఆ బుగ్గలే కదా.

అప్పుడు నీ గది సంగతి పట్టుకున్నాను. రాయకపోవడానికి కారణం అది, నిద్రా కాదు, అలకా కాదు. గోడలకి కొత్తగా సున్నం వేయించాను. పరుపు మార్చాను. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను, తలుపు కింద కూడా. పనివాళ్ళు ఎవరూ అటు మెట్లెక్కొద్దన్నాను. మీ వదిన మంచం మీద నల్ల గుడ్డ ఒకటి పరిచింది. మర్నాడు వెళ్ళి దాని మీద వేలితో గీస్తే గీత పడింది. మళ్ళీ కడిగాం, మళ్ళీ పరిచాం. మళ్ళీ గీత. నాన్న కట్టిన ఇల్లు, ఏ గోడలోంచి ఎలా వస్తోందో నాకు తెలియదు. నువ్వు వస్తున్నానని రాసిన రోజు కూడా ఆ గుడ్డ మీద నా వేలి గీత ఉంది. అందుకే రావద్దన్నాను. జబ్బు తెచ్చుకుని నా మొహం చూడాల్సినంత అందగాణ్ణి కాదు.

నువ్వు రాలేవు. అది నాకు ఇప్పుడు బాగా తెలుసు. రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ రాసేశాను.

నేను వస్తాను. బట్టీ మీ వదినా పెద్ద పనివాడూ చూసుకుంటారు. నా బట్టల్లో పిండి లేనిది ఒక్కటీ లేదు, కాబట్టి నీ కార్ఖానా గుడ్డ ఏదైనా కొని, ఒక చొక్కా, ఒక ప్యాంటు నువ్వే కుట్టి, మీ బస్టాండు పక్కనున్న లాడ్జిలో ఇచ్చి ఉంచు. అక్కడ స్నానం చేసి, నావన్నీ అక్కడే వదిలి, నీవి వేసుకుని వస్తాను. కొలతలు వెనక రాశాను. నడుము దగ్గర నవ్వొద్దు.

అన్నయ్య


నవంబరు 20

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను, కాగితం తిప్పి కొలతలు చూసి చాలాసేపు నవ్వాను. మెడా భుజాలూ సరే, ఆ నడుము నిజమా, వదిన సరదాకి మార్చి రాసిందా? మాస్టారి చొక్కా నీకు సరిపోయేలా ఉంది.

బట్టలు సిద్ధం. లాడ్జి కుర్రాడి చేతికిచ్చి, కొత్త సబ్బూ తువ్వాలూ కూడా పెట్టాను. తల బాగా రుద్దుకో. చెవుల వెనక కూడా. నీకు పాఠం చెప్తున్నానని కోపగించకు.

ఇంకొకటి. ఏమీ తేవద్దు. దారిలో తినడానికి వదిన ఏమైనా కట్టినా లాడ్జి దాటనివ్వకు. నీకు ఇది కష్టమని తెలుసు, ఎవరింటికీ నువ్వు ఖాళీ చేతులతో వెళ్ళడం నేను చూడలేదు. అయినా ఏమీ తేవద్దు. వంట నేను చేస్తాను.

చెల్లి


డిసెంబరు 12

చెల్లాయ్,

ఇల్లు చేరాను. మీ వదిన గుమ్మంలోనే ఆపి, ముందు ఎలా ఉందో చెప్పండి అంది. బరువుగా ఉంది అన్నాను. అదేం జవాబని నవ్వింది. మీసం లేని మొహంతో నేనేం చెప్పినా ఈ మధ్య నవ్వుతూనే ఉంది. పిండి దాక్కుంటుందేమోనని మీసం తీసేశానని నీకు చెప్పడం మర్చిపోయాను, నువ్వు తలుపు తీసి ఎవరు కావాలండీ అన్నట్టు చూస్తే గానీ గుర్తు రాలేదు.

అప్పుడు నేను లోపలికి రాకుండా బయటే నిలబడ్డాను. నువ్వు మొహమాటమనుకున్నావు. భయం వేసింది. ఒంటి మీద ఎక్కడైనా, ఏ గోటి సందులోనో మిగిలిపోయి ఉంటే నీ గదిలోకి నేనే జబ్బు మోసుకొచ్చినట్టవుతుందని. నువ్వే వచ్చి వాటేసుకున్నావు. చిన్నప్పటి నుంచీ నిన్ను ఎత్తుకున్నాను, మోశాను, ఎప్పుడూ ఎముకలే చేతికి తగిలేవి. మొన్న నా చేతులు నీ వీపు మీద ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అందుకే బరువుగా ఉందన్నాను.

డాక్టరు తగ్గమన్నాడని నువ్వు ఇంకోసారి అనకు. ఆయన మాట వినాల్సిందే, నేను కాదనను. కానీ నా ఎదుట అనకు.

భోజనం సంగతి చెప్పాలి. కూరలో ఉప్పు తక్కువైంది. అక్కడ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నేను సగంలో ఆపేస్తే వంట కుదరలేదని నీ మొహం చిన్నబోయింది. ఉప్పు కాదు కారణం. ఆ పూట నువ్వు కార్ఖానా గొడవేదో చెబుతున్నావు, పక్క బల్ల ఆమె కత్తెర దాచేసిందనో ఏమిటో. చెబుతూ చెబుతూ నీ పళ్ళెం ఖాళీ చేశావు. చెబుతూనే గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ వడ్డించుకున్నావు. నీకు తెలియనే తెలియదు. నేను నా పళ్ళెం మర్చిపోయి నిన్నే చూస్తూ కూర్చున్నాను. మన ఇంట్లో నీకు అన్నీ ఒకరు పెట్టడమే గానీ, నువ్వు చెయ్యి చాచి ఇంకొంచెం పెట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కొట్టు ముందు నిలబడ్డ వాడి మొహం చూసి ఎంత ఆకలితో ఉన్నాడో చెప్పేస్తానని నాకు గొప్ప. నా చెల్లెలికి ఆకలేస్తే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి మొన్న చూశాను.

నువ్వు ఈ ఇంటికి రావు. మీ వదినా నేనూ ఆ మాట ఇప్పుడు ఒకరి కోసం ఒకరం దాచుకోవడం లేదు. నీ గదిలో మంచం తీసేశాం, పిండి బస్తాలు మాత్రం పెట్టలేదు. పెట్టబుద్ధి కావడం లేదు.

బట్టీ వేడెక్కింది, వెళ్ళాలి. నువ్వు కుట్టిన బట్టలు ఇంటికి తేలేదు, కవరులో కట్టి లాడ్జి కుర్రాడికే ఇచ్చి వచ్చాను. ఇక్కడికి తెస్తే పాడవుతాయి. నువ్వు తీసుకుని ఉతికి, మళ్ళీ లాడ్జిలోనే ఉంచు. ఎండాకాలం రాకముందే మళ్ళీ వస్తాను. ఏమీ పట్టుకోకుండా, చేతులూపుకుంటూ వస్తాను. నువ్వు వండు. కాస్త ఎక్కువే వండు, నువ్వు మళ్ళీ వడ్డించుకోవాలి.

నీ అన్నయ్య